రొట్టెల గది ముఫద్దల్

ఉదయం పదకొండు గంటలు. తెల్లవారుజాము నుంచి కురిసిన మంచు అప్పుడే ఆగింది. దేవదారు కొమ్మల మీంచి ముద్దలు ముద్దలుగా జారి పడుతోంది. ముఫద్దల్‌కి ఆకలి లేదు. నాకుంది.

రొట్టెల గది కిటికీకి అవతల ఆయన, ఇవతల నేను. ఆయన ముందు బిస్సారా గిన్నె. ఎండు చిక్కుడు గింజలు మెత్తగా ఉడికించి మెదిపి, పైన ఆలివ్ నూనె పోసి, జీలకర్ర చల్లి వంటింట్లోంచి యామ్నా పంపింది. ఆవిరంతా నా ముక్కులోకే వస్తోంది. ఆయన మాత్రం పగుళ్ళు పడిన గోడని మేస్త్రీ చూసినట్టు చూస్తున్నాడు. ఒక చెంచా ఎత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు.

"తినవేం బాబాయ్?"

"తింటాలే. నీకెందుకు?"

"చల్లారిపోతోంది."

"చల్లారితే చల్లారనీ. నీ రొట్టె నీకు ఇచ్చానుగా, పో."

ఇచ్చాడు. సగం రొట్టె. కత్తితో కోసి, రెండు సగాలూ పక్కపక్కన పెట్టి, చిన్నది ఏదో చూసి ఇచ్చాడు. కడుపులో మూడొంతులు కోసి పారేసినా ఆ చూపుకి మాత్రం ఎక్కడా కోత పడలేదు.

కెతామా కొండల్లో హాజీ ఇంటికి గంజాయి కొట్టడానికి నేను రావడం ఇది పన్నెండో ఏడు. మాది కింద తావ్నాత్ వైపు. మా దగ్గర చలికాలం పనుండదు, ఇక్కడ చలికాలమే పని. ఎండిన గంజాయి మొక్కల్ని జల్లెడ గుడ్డ బిగించిన తొట్టి మీద పరిచి, పైన ప్లాస్టిక్ కప్పి, రెండు కర్రలతో బాదాలి. చలికి జిగురు గట్టిపడి పొడిగా రాలుతుంది. మార్చి వచ్చి ఎండ తగిలిందా, అంతా బంక. అందుకని మంచు పడుతున్నన్నాళ్ళూ లోయంతా ఒకటే డప్పుల మోత. దూరం నుంచి వినేవాడు పెళ్ళి అనుకుంటాడు. లోపల ఉన్నవాడికి తెలుసు ఎవరి పెళ్ళో.

ఈ పనికి ఒక ఆచారం ఉంది. కొట్టేవాడికి యజమాని కడుపు నిండా తిండి పెట్టాలి. కొట్టేవాడు తనంతట తాను "అల్‌హమ్దులిల్లా", దేవుడి దయ, చాలు, అనేదాకా పెట్టాలి. ఎందుకంటే గది నిండా యజమాని గంజాయి దుమ్ము, ఆ దుమ్ము పీల్చబట్టే ఈ ఆకలి. దుమ్ము హాజీది కాబట్టి ఆకలీ హాజీదే. మా తాతల నాటి నుంచి ఇదే లెక్క. మేమూ ఇదే చెప్పేవాళ్ళం. గట్టిగా చెప్పేవాళ్ళం. ఎందుకు గట్టిగా చెప్పేవాళ్ళమో తర్వాత చెబుతాను.

హాజీ మంచివాడే, ఎవరికీ ఎదురుపడి లేదనడు. అలా అనడానికే ముఫద్దల్‌ని పెట్టుకున్నాడు. రొట్టెల గది తాళంచెవి ఆయన మెడలో తోలు తాడుకి వేలాడేది. ఆరడుగుల మనిషి, ఎనభై కిలోలు దాటి ఉండేవాడు. ముక్కూ నోరూ మూస్తూ తెల్ల గుడ్డ. దుమ్ము సోకుతుందని ఇంటి ముంగిట్లో కూడా అది తీసేవాడు కాదు. "ముప్ఫై ఏళ్ళు ఈ ఇంట్లో ఉన్నాను. ఒక్క దమ్ము లాగలేదు. ఒక్క చిటికెడు పీల్చలేదు. మా అమ్మ సమాధి మీద ఒట్టు," అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. అడగనివాడికి రెండుసార్లు చెప్పేవాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషికి ఇంత నీతి ఎందుకో.

మమ్మల్ని మిడతలు అనేవాడు. "వచ్చార్రా మిడతలు. మీవి కడుపులు కాదురా, జల్లెడలు. ఎంత పోసినా కిందికే."

నేను కొత్తగా వచ్చిన ఏడే ఆయనకో గొప్ప ఆలోచన వచ్చింది. మధ్యాహ్నం పని మధ్యలో తిండి పెడితే కదా ఇంత తింటున్నారు, పొద్దున్నే పనికి ముందే కుక్కి పెడితే ఇక ఆకలే వెయ్యదు కదా అని. నిండిన సంచిలో ఇంకేం పడుతుంది? హాజీ కూడా భలే అన్నాడు. మాకు తెల్లారేసరికి రెండేసి గిన్నెలు బిస్సారా, రెండేసి రొట్టెలు, ఆలివ్ కాయలు, ఎండు అంజూరాలు. మేం తిన్నాం. తేన్చాం. అల్‌హమ్దులిల్లా అన్నాం. ముఫద్దల్ చేతులు రుద్దుకున్నాడు. పది గంటలకల్లా కిటికీ ముందు వరసగా నిలబడ్డాం.

"ఏరా? మళ్ళీనా?"

"ఆకలి బాబాయ్."

"ఇప్పుడే కదరా మింగారు! గుర్రం తిన్నంత తిన్నారు!"

మా జట్టులో బూసెల్హామ్ నోరు ఊరుకోదు. "అది నిన్నటి ఆకలికి బాబాయ్. ఇది ఇవాళ్టిది."

నెల్లాళ్ళకి సరిపడే చిక్కుడు గింజలు పద్దెనిమిది రోజుల్లో అయిపోయాయి. ఆ తర్వాతే ఈ సగం రొట్టె చట్టం వచ్చింది. మనిషికి పూటకి సగం. ఆచారం అడిగితే, "అల్‌హమ్దులిల్లా అనడానికి నిండు కడుపు ఎందుకురా? దేవుణ్ణి తలుచుకోవడానికి సగం చాలదా?" అనేవాడు.

ఆ ఏడే నేను కిటికీలో చెయ్యి పెట్టి ఇంకో సగం తీశాను. తీస్తూ దొరికాను. ఆయన నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది. ఆ సగం రొట్టెని వంటగది గుమ్మానికి మేకు కొట్టి తగిలించి, దాని కింద నన్ను నిలబెట్టి అందరి ముందూ అనిపించాడు, "నాకు ఆకలేసింది, తప్పయింది," అని. ఆ రొట్టె మేం కొండ దిగేదాకా అక్కడే ఉంది. ఎండింది, బూజు పట్టింది, నల్లబడింది. వచ్చేపోయేవాళ్ళకి చూపించేవాడు. "ఇది బుష్తా నోరు." బుష్తా అంటే నేనే.

అదీ ముఫద్దల్.

మొన్న ఎండాకాలం చివర ఆయనకి కడుపులో పుండు ముదిరిందన్నారు. ఫెస్ పట్నం తీసుకెళ్ళి కోశారు. మేం డిసెంబరులో కొండెక్కి వచ్చేసరికి కిటికీ వెనక ఎవరో ముసలాడు కూచుని ఉన్నాడు. తాళంచెవిని చూసి గుర్తుపట్టాను. టోపీ కుట్టిన పొడుగు అంగీ, జెల్లాబా, కర్రకి తగిలించినట్టుంది. తెల్ల గుడ్డ పైన బుగ్గల ఎముకలు రెండూ బయటికొచ్చాయి.

యామ్నా చెప్పింది. హాజీ వంటింట్లో నలభై ఏళ్ళుగా ఉన్న మనిషి, ఆమెకి తెలియని సంగతి ఆ ఇంట్లో లేదు. "నలభై తొమ్మిది కిలోలున్నాడు. మార్చి మొదటి వారంలో మళ్ళీ రమ్మన్నారు, మందు ఎక్కించాలట. యాభై రెండు ఉంటేనే ఎక్కిస్తారంట. లేకపోతే తట్టుకోలేడు, ఇంటికి తీసుకుపొమ్మంటారు."

"ఇంటికంటే?"

"ఇంటికంటే ఏంటో తెలీదా? నీకూ నాకూ పోవాల్సిన ఇంటికే."

మూడు కిలోలు. మనిషికి మూడు కిలోలంటే ఎంత? మేం ఒక గంటలో రాల్చే పొడి అంత బరువుంటుంది. యామ్నా చెయ్యని వంట లేదు. కోడి చేసింది, గుడ్లు చేసింది, వెన్నా తేనే కలిపి రొట్టె మీద రాసింది. ఆయన కూచుంటాడు, చూస్తాడు, గుడ్డ అంచు కిందనుంచే రెండు ముద్దలు మింగుతాడు, గిన్నె పక్కకి తోస్తాడు. నొప్పి లేదంటాడు, వికారం లేదంటాడు. తినబుద్ధి కాదు, అంతే. గిన్నె తిరిగి పోతుంటే మా ఏడుగురి కళ్ళూ దాని వెంట వంటింటి దాకా పోయేవి.

జనవరి మొదట్లో సంత రోజున ఆయన్ని ఆస్పత్రికి నడిపించుకెళ్ళమని హాజీ నన్ను పంపాడు. ఆస్పత్రి అంటే రెండు గదులు, ఒక నర్సు. జిలాలీ అంటారు, సముద్రం వైపు వాడు. కాటా మీద నిలబెట్టి చూశాడు. నలభై ఎనిమిది.

"తగ్గావు పెద్దాయనా."

"తినాలనిపించట్లేదు బాబూ. మందుంటే ఇవ్వు."

జిలాలీ కాసేపు ఆయన కాగితాలు చదివాడు. "నీకు ఆకలి పుట్టే చోటే కోసేశారు. కడుపు ఖాళీ అయితే దాని పై భాగంలోంచి ఒక హార్మోన్ బయల్దేరుతుంది. గ్రెలిన్ అని పేరు. నెత్తురులో కలిసి తలకాయ దాకా పోయి తలుపు కొడుతుంది, కింద ఖాళీగా ఉంది, రొట్టె పంపండీ అని. దాన్నే మనం ఆకలి అంటాం. నీకిప్పుడు తలుపు కొట్టేవాడు లేడు. ఖాళీగా ఉన్నా పైవాళ్ళకి తెలీదు."

ముఫద్దల్ వేలు నా వైపు తిప్పాడు. "మరి వీళ్ళకి? తిన్న గంటకే మళ్ళీ వేస్తుంది. వీళ్ళకి రెండేసి కడుపులా?"

జిలాలీ నవ్వాడు. "అది గంజాయి. ఆ తలుపు కొట్టేవాణ్ణి కాస్త ఉసిగొల్పుతుందంటారు. కానీ అసలు పని పైన చేస్తుంది. తలకాయలో కూచుని తనే తలుపు బాదుతుంది. లోపల చాలు, చాలు అనే కాపలావాడు ఒకడుంటాడు చూడు, వాడి నోటితోనే ఇంకా తే, ఇంకా తే అనిపిస్తుంది. ఎలకల మీద చూశారట. కడుపు నిండుందా లేదా అన్నది దానికి పట్టదు."

"అయితే తలుపు కొట్టేవాడు లేకపోయినా..."

"పని చెయ్యొచ్చు, చెయ్యకపోవచ్చు. నేను నర్సుని, నిన్ను తాగమని చెప్పను. అడిగావు, చెప్పాను. ఇంకో మాట. నీకు మిగిలింది ఇంత సంచి." పిడికిలి చూపించాడు. "తిన్నా కొంచెం కొంచెం, రోజుకి ఎనిమిది సార్లు."

తిరిగొస్తుంటే మంచులో నా భుజం పట్టుకుని నడిచాడు. ఆ చెయ్యి బరువే లేదు. ఇంటి మలుపు దగ్గర ఆగి అడిగాడు.

"మీ గదిలో దుమ్ము బాగా లేస్తుందా?"

"ఎందుకు లేవదు."

"పొగ అక్కర్లేదు కదా. దుమ్ముతోనే కదా మీ ఆకలి?"

ఇక్కడ నేను చెప్పాల్సింది చెప్పలేదు. మా ఏడుగురిలో ఆరుగురం పొద్దున్నుంచి సాయంత్రం దాకా చిలుము చేతులు మారుస్తూనే పని చేస్తాం. చిలుము ముట్టనివాడు అయ్యాద్ ఒక్కడే, వాడికి ఉబ్బసం. అదే గది, అదే దుమ్ము. పదేళ్ళలో అయ్యాద్ రెండో గిన్నె అడగడం నేను చూడలేదు. మాకు తెలియక కాదు. పొగ మా సరదా, మా సరదాకి హాజీ ఎందుకు తిండి పెడతాడు? దుమ్మంటే ఆయన పని. అందుకే దుమ్ము దుమ్ము అని గొంతు చించుకునేవాళ్ళం. మా అన్నం ఆ అబద్ధం మీద ఉడికేది.

"అవును బాబాయ్. దుమ్ముతోనే," అన్నాను.

మర్నాడు ఆయన కొట్టుడు గదిలోకి వచ్చాడు. గుమ్మంలో నిలబడి ముక్కు మీది తెల్ల గుడ్డ విప్పాడు. ఆ గుడ్డ కింద ఆయన మూతి ఎలా ఉంటుందో పన్నెండేళ్ళలో నేను చూసింది అదే మొదటిసారి. కోడిపిల్ల మూతిలా ఉంది. తొట్టెల మధ్య బస్తా వేసుకుని కూచున్నాడు. కళ్ళు మూసుకుని, ముక్కు పైకెత్తి, అత్తరు పీల్చినట్టు పీల్చాడు.

బూసెల్హామ్ కర్ర ఆపాడు. "బాబాయ్, ఒట్టు పోలేదా?"

"పొగ తాగనన్నాను. గాలి పీల్చనన్నానా?"

"చిటికెడు కూడా పీల్చలేదన్నావుగా?"

"నీ పని చూడు."

"చూస్తున్నాను బాబాయ్. గట్టిగా కొట్టమంటావా, మెల్లగానా? ఆకలి ఎంత కావాలి? సగం చాలా?"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆయన కళ్ళు తెరవలేదు.

పది రోజులు వచ్చాడు. పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు. దగ్గాడు, తుమ్మాడు, కళ్ళు ఎర్రబడ్డాయి, రెప్పల మీద పచ్చటి పొడి పేరుకుంది. ఆకలి రాలేదు. మూటలు తూచే పెద్ద తక్కెడ కొట్టంలో దూలానికి వేలాడుతుంటుంది, రెండు పక్కలా చెక్క పళ్ళేలు. ఆస్పత్రి దూరమని దాంట్లోనే తూగేవాడు. ఒక పళ్ళెంలో ఆయన, ఇంకోదాంట్లో తూకం రాళ్ళు. నలభై ఏడు దగ్గర ముల్లు నిలబడింది.

"కాడలతోనా బాబాయ్, ఒలిచిన తూకమా?" అన్నాడు బూసెల్హామ్.

ఈసారి నవ్వు పెద్దగా రాలేదు. నేను మాత్రం లోపల లోపల నవ్వుకున్నాను. ఆ నల్లబడ్డ రొట్టె గుర్తొచ్చి. నాకు నలభై ఏడేళ్ళొచ్చినా ఇలాంటివి ఎక్కడ పోతాయి.

చివరికి చెప్పింది యామ్నా. తినకుండా పంపిన గుడ్డుని వెనక్కి తీసుకోవడానికి వచ్చి, గదిలో దుమ్ము కొట్టుకుని కూచున్న ఆయన్ని చూసి గుమ్మంలోనే నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏంటిది? గోడకి సున్నమేస్తున్నావా, నీకు నువ్వే వేసుకుంటున్నావా?"

"ఆకలి కోసం, యామ్నా."

"ఎవడు చెప్పాడు నీకు?"

ఆయన నా వైపు చూశాడు. ఆమె కూడా చూసింది.

"ఈ మాట చెప్పింది నువ్వా బుష్తా? సిగ్గు లేదూ? పచ్చి గంజాయి మన మేకలు రోజూ నములుతాయి, ఏ మేకైనా ఏనుగయిందా? చిక్కుడు గింజ పచ్చిది నమిలితే బిస్సారా అవుద్దా? పండక్కి నేను మాజూన్ మిఠాయి చేసేటప్పుడు వెన్నలో వేసి ఎంతసేపు కాచుతాను? నిప్పు తగలాలి. నిప్పు తగలకపోతే అది గడ్డి. నాకు తెలుసు, వీళ్ళకీ తెలుసు. వీళ్ళకి ఆకలి దుమ్ముతో కాదు, మూతికి ఎప్పుడూ తగిలించుకునుంటారే, ఆ గొట్టంతో. పదిరోజుల నుంచి నిన్ను గాడిదని చేసి ఆడిస్తున్నారు."

ఆరు జతల కర్రలూ ఆగిపోయాయి. అయ్యాద్ ఒక్కడే కొట్టుకుంటూ పోయాడు.

ముఫద్దల్ ఎవరినీ తిట్టలేదు. దుమ్ము దులుపుకోకుండానే లేచి పోయాడు. రెండు రోజులు కిటికీ తెరిచాడు, సగాలు కోశాడు, మూశాడు. మూడో రోజు మధ్యాహ్నం ఎండ కాస్తే నేను గోడవార కూచుని చిలుము కూరుతున్నాను. వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. నీడ నా మీద పడింది. సన్నటి నీడ.

"యామ్నాని మాజూన్ చెయ్యమన్నాను. చెయ్యనంది," అన్నాడు. "తింటే ఎంత ఎక్కుతుందో తెలీదంట. నా కడుపుకి పడదంట."

"మంచి మాట."

"పొగయితే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపొచ్చంట."

"అవునంట."

"ఇంకెవర్నీ అడగలేను బుష్తా. వాళ్ళు నవ్వుతారు."

"నేను నవ్వనా?"

"నువ్వు లోపల నవ్వుతావు. పర్లేదు."

చిలుము నా చేతిలో ఉంది. నిప్పు పక్కనే ఉంది. ఇచ్చి ఉంటే అయిపోయేది. నేనివ్వలేదు.

"మేకు కింద నిలబెట్టి నాతో ఏమనిపించావు బాబాయ్?"

ఆయనకి గుర్తుంది. మరిచిపోయినట్టు నటించనందుకు మాత్రం మెచ్చుకోవాలి. "ఆకలేసింది, తప్పయింది అని."

"నువ్వూ అను."

"నాకు ఆకలి వెయ్యట్లేదు కదరా."

"అదే అను."

 ముప్ఫై ఏళ్ళ ఒట్టు, అమ్మ సమాధి, తెల్ల గుడ్డ, అన్నీ పక్కకి తోశాడు. "నాకు ఆకలి కావాలి బుష్తా," అన్నాడు. "ఇప్పించు."

పన్నెండేళ్ళుగా ఆ మాట ఎలా ఉంటుందో ఊహించుకుంటూ వచ్చాను. తీరా వింటే బిస్సారాలో ఉప్పు మరిచినట్టుంది. చిలుము ఇచ్చాను. ఎలా పీల్చాలో కూడా తెలీదు, గొట్టం ఊదాడు. నిప్పు ఎగిరి నా జెల్లాబా మీద పడింది.

"ఊదడం కాదు బాబాయ్, లాగాలి. నీకు లాక్కోవడం కొత్తా?"

లాగాడు. కళ్ళ నీళ్ళొచ్చేలా దగ్గాడు. మళ్ళీ లాగాడు. గోడకి ఆనుకుని కూచున్నాడు. అరగంటయింది. ఎదురుగా కొండ మీది మంచుని చూస్తూ, "ఎవరు రొట్టె కాలుస్తున్నారు?" అన్నాడు.

ఎవరూ కాల్చట్లేదు. పొద్దున కాల్చిన వాసన గోడకి ఇంకా పట్టుకుని ఉంటుంది, అంతే. ఆయన లేచాడు. మనిషి అంత తొందరగా నడవడం ఆ ఏడు నేను చూడలేదు. తాళం తీశాడు. నేను వెనకే వెళ్ళేసరికి రొట్టెల గది నేల మీద కూచుని, రొట్టెని రెండు చేతులా విరిచి, నూనె గిన్నెలో ముంచి ముంచి తింటున్నాడు. చిన్న సగమా పెద్ద సగమా అని చూడట్లేదు. గడ్డం నిండా నూనె. ఒక రొట్టె అయింది. రెండోది అందుకున్నాడు.

"ఇదా మీకు ఉండేది?" అన్నాడు నోరు నిండా పెట్టుకుని. "ఇంత ఉండేదా?"

వెనక నుంచి బూసెల్హామ్, ఎప్పుడొచ్చాడో, "ఇంకా ఎక్కువే బాబాయ్. మేం కర్ర కూడా కొట్టేవాళ్ళం," అన్నాడు.

ఆయన నమిలాడు. సరే, మనిషి మారాడేమో అనుకున్నాను. ఆ సాయంత్రం కిటికీ తెరిచాడు. రొట్టె తీశాడు. రెండు సగాలు కోశాడు. చిన్నది ఏదో చూసి ఇచ్చాడు.

తిన్నదంతా గంటలో కక్కేశాడు. మర్నాడూ అంతే. పిడికెడు సంచిలో రెండు రొట్టెలు ఎలా పడతాయి? జిలాలీ చెప్పింది అక్షరాలా జరిగింది. కడుపు నిండిందో లేదో ఆ ఆకలికి పట్టదు. పైన ఇంకా తే అంటుంది, కింద చోటు లేదు. మూడో రోజు తక్కెడలో నలభై ఆరున్నర. ఫిబ్రవరి మొదలు కాబోతోంది.

ఆ పొద్దున్నే నన్ను పిలిచాడు. మెడలోంచి తోలు తాడు తీశాడు. తాళంచెవి అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి నా ముందుకి చాపాడు.

"నా దగ్గరుంటే నేను తినేస్తాను," అన్నాడు. "పావు రొట్టె. రెండు గంటలకోసారి. అడుక్కున్నా ఇవ్వకు."

"నేను దొంగని కదా బాబాయ్."

"అందుకే. దొంగల గుట్టు నీకే తెలుసు."

ఆ నోరు చచ్చేదాకా మారదు. తాడు నా మెడలో వేసుకున్నాను. తాళంచెవి ఇంత బరువుంటుందని తెలీదు.

అయిదు వారాలు నేను కిటికీకి అవతల, ఆయన ఇవతల. పొద్దున రెండు దమ్ములు, మధ్యాహ్నం రెండు దమ్ములు, అంతకు మించి ఇవ్వలేదు. రెండు గంటలకోసారి పావు రొట్టె, పైన యామ్నా పంపిన గుడ్డో వెన్నో. పావు మింగి కిటికీ వదిలేవాడు కాదు.

"ఇంకో ముక్క బుష్తా. ఇంత."

"లేదు."

"వేలెడంత. నూనె లేకుండా."

"నీది కడుపు కాదు బాబాయ్, జల్లెడ."

తిట్టేవాడు. మా ఏడుతరాల్నీ తిట్టేవాడు. ఒకరోజు కిటికీలో చెయ్యి పెట్టి లాక్కోబోయాడు, కిటికీ తలుపు వేశాను, వేలు నలిగింది. వంటగది గుమ్మం మీది మేకు ఇంకా అక్కడే ఉంది. నేను చూశాను, ఆయనా చూశాడు. 

మా వాళ్ళకి మాత్రం మొదటి రోజు నుంచే పూర్తి రొట్టె ఇచ్చాను. అడిగితే రెండు. హాజీ తిట్టి వెళ్ళగొడితే పోయింది అనుకున్నాను. హాజీ కనుక్కోనే లేదు. మార్చి వచ్చేసరికి గదిలో పిండి బస్తాలు ఎన్ని ఉండాలో అన్నీ ఉన్నాయి, చిక్కుడు గింజల గాదె అడుగు కూడా కనపడలేదు. పన్నెండేళ్ళు మా నోటి దగ్గర కోసిన ఆ సగాలు ఎవరికీ పనికిరాలేదు. ఎలకలు తిన్నాయి కాబోలు.

తక్కెడలో రాళ్ళు ఒక్కొక్కటే పెరిగాయి. నలభై ఎనిమిది. నలభై తొమ్మిదిన్నర. యాభై దగ్గర వారం రోజులు కదల్లేదు, మనిషి బెంగ పెట్టుకున్నాడు. యాభై ఒకటి. ఇంకొక్క కిలో. మంచు కరిగి చూరు నుంచి నీళ్ళు కారడం మొదలైంది. జిగురు బంక పడుతోంది. ఇంకో నాలుగు రోజుల్లో మా పని కూడా ఆగిపోతుంది.

ఆ రోజు శుక్రవారం. తెల్లగా తెల్లారాక నేను గది తీసి, ఆయన పావు రొట్టె కోసి, పైన వెన్న రాసి కిటికీ గట్టు మీద పెట్టాను. రాలేదు. పొగ టైమయింది, రాలేదు. బూసెల్హామ్ కొట్టంలోంచి కేకేశాడు. వెళ్ళి చూశాను. తక్కెడ ఒక పక్క పళ్ళెం నేలకి దిగి ఉంది. దాంట్లో తూకం రాళ్ళు అలాగే వదిలేసి ఉన్నాయి. లెక్క పెట్టాను. యాభై రెండు కిలోలు. రెండో పళ్ళెం ఖాళీగా గాల్లో ఊగుతోంది.

"జెల్లాబా టోపీలో రాయి వేసుకుని తూగుంటాడు," అన్నాడు బూసెల్హామ్. "తూకం దగ్గర నిజాయితీగా ఉన్నదెప్పుడు?"

"ఆస్పత్రిలో రాళ్ళు తీయించి తూస్తారులే," అన్నాను.

యామ్నా చెప్పింది, పొద్దున్నే ఫెస్ వెళ్ళే టాక్సీలో ఎక్కి పోయాడట. హాజీకి చెప్పలేదు, ఆమెకి చెప్పలేదు. నా దగ్గరికి రాలేదు. పన్నెండేళ్ళ సగాలకి ఒక మాట, అయిదు వారాల పావులకి ఒక మాట, ఏదో ఒకటి అనొచ్చు. తాళంచెవి కూడా అడగలేదు. అది నా మెడలోనే ఉంది.

గట్టు మీది పావు రొట్టె అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నం బూసెల్హామ్ చెయ్యి పెట్టబోతే వద్దన్నాను. సాయంత్రానికి వెన్న గడ్డ కట్టింది. నాకు ఆకలేసింది. తిన్నాను.